మీకు తెలుసా? మీ ఊరి రాయికీ గెజెట్‌లో చోటుంది

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారికి దగ్గరలో ఎర్రగుడి గుట్ట ఉంది. తొలకరి పడితే వజ్రాల కోసం జనం పొలాలన్నీ వెతుక్కుంటూ తిరిగే జొన్నగిరి పక్కనే ఉంటుంది. ఆ గుట్ట బండల మీద అశోకుడి రాతలున్నాయని లోకానికి తెలిసింది 1928-29 ప్రాంతంలో. చెప్పినది చరిత్రకారుడు కాదు, అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. అశోకుడి ప్రధాన శిలాశాసనాలు పద్నాలుగూ, చిన్న శాసనాలు రెండూ అక్కడ ఉన్నాయి. దక్షిణ భారతంలో పద్నాలుగూ ఒకేచోట ఉన్నది ఇక్కడే. ఇంకో విశేషం కూడా ఉంది. చిన్న శాసనంలో కొంతమేర ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి నడిస్తే, తర్వాతి పంక్తి కుడి నుంచి ఎడమకు వస్తుంది. మడకకు కట్టిన ఎద్దులు సాలు చివర తిరిగి వచ్చినట్టు.

పత్తికొండకు దగ్గర్లోనే రాజులమందగిరిలో అశోకుడి మరో చిన్న శాసనం ఉంది. ఈ రెండు చోట్లూ ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2025 మార్చిలో భారతదేశం యునెస్కో తాత్కాలిక జాబితాకు పంపిన పేర్లలో అశోక శాసన స్థలాల వరస ఒకటి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో చెక్కిన రాత రెండువేల ఏళ్లకు పైగా అక్కడే ఉంది. దాన్ని గొర్రెల కాపరులు చూశారు, వజ్రాలు వెతికేవాళ్లు చూశారు. చట్టం కంట్లో పడింది మాత్రం ఒక మనిషి చూసి, రాసి, తెలిసినవాళ్లకు పంపిన తర్వాతే. రాయలసీమలో అలాంటి మనిషి కోసం ఎదురుచూస్తున్న చోట్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఈసారి శీర్షిక వాటి గురించి.

రెండు నెలల నోటీసు

పాత కట్టడాలను కాపాడే చట్టాలు మనకు ప్రధానంగా రెండు. కేంద్రానిది 1958 నాటి ప్రాచీన స్మారకాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం. రాష్ట్రానిది 1960 నాటిది. ఈ పనిని రాజ్యాంగం మూడు జాబితాల్లోనూ పంచిపెట్టిందని మీకు తెలుసా? జాతీయ ప్రాధాన్యం ఉన్నవి కేంద్ర జాబితా 67వ అంశం కింద, మిగిలిన స్మారకాలు రాష్ట్ర జాబితా 12వ అంశం కింద, మిగిలిన పురావస్తు స్థలాలు ఉమ్మడి జాబితా 40వ అంశం కింద వస్తాయి. అంటే ఊరి బయట కూలిపోతున్న ఒక మంటపం గురించి అడిగితే, ఇది మాకు సంబంధం లేదని కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

కేంద్ర చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఒక కట్టడాన్ని జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా ప్రకటించే ముందు ప్రభుత్వం రెండు నెలల నోటీసు ఇవ్వాలి. దాన్ని గెజెట్‌లో వేయాలి. దాని నకలును ఆ కట్టడం దగ్గరే నలుగురికీ కనబడేచోట అంటించాలి. సంబంధం ఉన్నవాళ్లు ఎవరైనా ఆ రెండు నెలల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. వాటిని పరిశీలించిన తర్వాతే తుది ప్రకటన.

అయితే ఆ నోటీసుకు ముందు దశ ఒకటుంది. ఫలానా ఊళ్లో ఫలానాది ఉంది, చూడండి అని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మాట చెప్పేందుకు చట్టం ఏ అర్హతా పెట్టలేదు. డాక్టరేటు అక్కర్లేదు, పదవి అక్కర్లేదు. బడిపంతులు రాయవచ్చు, పంచాయతీ తీర్మానం చేసి పంపవచ్చు, పొలంలో రాయి బయటపడిన రైతే రాయవచ్చు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణ మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం ప్రతి పౌరుడి విధి అంటోంది. కాబట్టి ఆ ఉత్తరం రాసేవాడు ఎవరినీ బతిమాలుకోవడం లేదు, తన విధి చేస్తున్నాడు.

వయసు విషయానికొస్తే చట్టం అడిగేది కనీసం నూరేళ్లు. ఇక దేన్ని స్మారకం అనవచ్చు? కోట, గుడి, సమాధి మాత్రమే కాదు. గుహ, రాతిశిల్పం, శాసనం, ఏకశిల, ఇవన్నీ ఆ నిర్వచనంలో పేరుపేరునా ఉన్నాయి. కట్టడమే లేకుండా, పాతకాలపు అవశేషాలు భూమిలో ఉన్నాయని నమ్మదగ్గ ఆధారం ఉన్న స్థలాన్ని కూడా పురావస్తు స్థలంగా ప్రకటించవచ్చు. గుళ్లూ కోటలూ దాటి చూడాల్సింది ఎక్కువగా ఉన్న సీమకు ఈ చివరి మాట చాలా ముఖ్యం. ఎందుకో జ్వాలాపురం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ప్రకటిస్తే పూజలు ఆగిపోతాయా?

ఊళ్లలో ఎక్కువగా వినబడే భయం ఇదే. ఆగిపోవు. ఒంటిమిట్ట కోదండరామాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. రాష్ట్ర విభజన తర్వాత శ్రీరామనవమి ఉత్సవాల్లో ప్రభుత్వ లాంఛనాలతో కల్యాణం జరుగుతున్నది అక్కడే. ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానానిది. పూజ జరుగుతున్న గుడిలో పూజ కొనసాగుతుంది. గర్భగుడికి గ్రానైటు పలకలు అతికించడం, శిల్పాల మీద రంగు పూయడం లాంటివి మాత్రం కుదరవు. నిజం చెప్పాలంటే సీమ గుళ్లను శత్రువుల కంటే ఎక్కువగా పాడుచేసింది భక్తితో చేయించిన ఈ మరమ్మతులే. శాసనం ఉన్న స్తంభానికి సున్నం కొట్టి, ఆ పైన ఎనామిల్ వేసి, దాతల పేర్లు రాయించిన చోట్లు తక్కువ కాదు.

రెండో భయం ఇళ్ల గురించి. దీనికి కొంత ఆధారం ఉంది, దాచాల్సిన పనిలేదు. కేంద్ర రక్షణలోని కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు నిషేధం. ఆ తర్వాత 200 మీటర్లు అనుమతితోనే కట్టుకోవాలి. 1992లో ఒక నోటిఫికేషన్‌తో వచ్చిన ఈ హద్దులను 2010 సవరణ చట్టంలోనే చేర్చింది. నిషేధిత ప్రాంతంలో ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, అయితే దానికీ అనుమతి కావాలి. రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కర్నూలులో కొండారెడ్డి బురుజు నగరం నడిబొడ్డున ఉంది. గోడ పక్కనే దుకాణాలు, ఇళ్లు, బస్సులు. అలాంటిచోట ఈ మీటర్ల లెక్క ఎంత బరువో అక్కడ కాపురముండేవాళ్లకు తెలుసు. నా అభిప్రాయంలో ప్రతిపాదన పంపేవాళ్లు ముందుగా మాట్లాడాల్సింది అధికారులతో కాదు, ఆ కట్టడం చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లతో. వాళ్లు ఒప్పుకుంటే సగం పని అయినట్టే. చెప్పకుండా చేస్తే మంచి ప్రతిపాదన కూడా ఊరికి శత్రువవుతుంది.

వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు

కడప జిల్లాలో బద్వేలుకు ఉత్తరంగా పోరుమామిళ్ల. అక్కడ భైరవుడి గుడి ముందు నిలిపిన రాతి పలకల మీద 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజ్యం ఏలుతూ ఇక్కడి చెరువు కట్టించాడు. దీన్ని అనంతరాజసాగరం అన్నారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఇదంతా శాసనంలోనే ఉంది.

అసలు గొప్పతనం ఆ లెక్కల్లో లేదు. మంచి చెరువుకు కావలసినవి పన్నెండని ఆ శాసనం వరసగా చెబుతుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి. ధర్మం తెలిసిన, సంపన్నుడైన రాజు. నీటిశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. గట్టి మట్టి ఉన్న నేల. దూరం నుంచి వచ్చే తియ్యటి నీళ్ల యేరు. కట్టకు ఆనుకునేందుకు రెండు వైపులా కొండ కొమ్ములు. ఆ రెంటి మధ్య మరీ పొడుగు కాని, గట్టి రాతికట్ట. లోతూ వెడల్పూ ఉన్న గర్భం. దగ్గర్లో నిడుపాటి రాళ్ల గని. కట్ట కింద చదునైన సారవంతమైన పొలాలు. చివరికి చెరువు తవ్వడంలో ఆరితేరిన మనుషుల జట్టు. ఆ తర్వాత దోషాలు ఆరు: కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

మూడో దోషం చూడండి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టవద్దని 650 ఏళ్ల కిందట రాయి మీద రాసి పెట్టారు. నీళ్ల పంచాయతీలు ఏనాటివో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంజినీరింగు కాలేజీల్లో మొదటి ఏడాదిలోనే ఈ శాసనం పాఠంగా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి కమిషన్ ఈ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది ఆ గౌరవం కంభం చెరువుకూ, కర్నూలు-కడప (కేసీ) కాలువకూ దక్కింది. ఈ గుర్తింపుకూ నూరేళ్ల వయసు కావాలి. ప్రతిపాదన ఆ దేశ జాతీయ కమిటీ ద్వారా వెళ్లాలి. అయితే ఇది గౌరవమే, చట్టం కాదు. కట్టను తవ్వేవాణ్ణి ఆపే బలం దీనికి లేదు. ఇంకో సంగతి, మన అలవాటు ప్రకారం శాసనం రాయిని స్మారకం అంటాం, ఆ శాసనం ఏ చెరువు గురించి చెబుతోందో ఆ చెరువును నీటిపారుదల శాఖ లెక్కల్లో వదిలేస్తాం. కట్ట, తూము, మరవ, ఆయకట్టు, రాయి, ఈ అయిదూ ఒకే ప్రతిపాదనలో ఉండాలి. విడదీస్తే ఏదీ పూర్తిగా అర్థం కాదు.

కేసీ కాలువ సంగతి రెండు ముక్కల్లో. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి తవ్వించింది. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. సుమారు 300 కిలోమీటర్ల ఆ కాలువ నంద్యాల, కడప పొలాలకు ఇప్పటికీ నీళ్లిస్తోంది.

బూడిదకు దిక్కెవరు?

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడి నేలలో తెల్లటి బూడిద పొర ఒకటి కనిపిస్తుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. ఆ బూడిద ఎక్కడిదో మీకు తెలుసా? ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కిందట పేలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో భూమ్మీద అంత పెద్ద పేలుడు లేదంటారు. సముద్రం దాటి గాలిలో వచ్చిన ఆ బూడిద సీమలో వాలి, వాన నీటికి కొట్టుకొచ్చి ఈ లోయలో పేరుకుంది.

కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వి, 2007లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పైన కూడా దొరికాయి. రెండూ ఒకే తీరులో ఉన్నాయి. అంటే ప్రపంచాన్ని చీకటి చేసిందనుకున్న ఆ ఉపద్రవానికి ముందూ తర్వాతా ఈ లోయలో మనుషులు బతికారు. వాళ్లు మనలాంటి ఆధునిక మానవులేనా, మరో జాతివాళ్లా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది. అదే లోయలో ఒక రాతి పంచ కింద 35,000 ఏళ్ల నాటి చిన్న చిన్న రాతి పనిముట్లు కూడా దొరికాయి. మానవుడి కథ రాసే ఏ పుస్తకమైనా ఇప్పుడు జ్వాలాపురం పేరు తలచుకోక తప్పదు.

అంత విలువైన బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడులకు, సబ్బు పొడులకు అమ్ముకున్నారు. పరిశోధన ప్రకటించిన తర్వాత కూడా తవ్వకం సాగింది. తవ్వినవాళ్లను నిందించడానికి నాకు నోరు రాదు. వానలు లేని నేలలో భూమిలోంచి వచ్చేదేదో అమ్ముకుని బతకడం కొత్త కాదు. ఆ పొర ఏమిటో వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పినవాళ్లు, తవ్వకం ఆపితే వాళ్ల కూలికి బదులు చూపినవాళ్లు కావాలి. ఇక్కడ గోపురం లేదు, విగ్రహం లేదు, మొక్కడానికి ఏమీ లేదు. అందుకే నేను పైన చెప్పిన ఆ నిర్వచనం అవసరం. పురావస్తు స్థలంగా ప్రకటించడానికి గోడలు అక్కర్లేదు.

పేలిన తోబాకు 2020లో యునెస్కో గ్లోబల్ జియోపార్కు గుర్తింపు వచ్చింది. ఆ బూడిద కింద మనిషి ఆనవాళ్లు దొరికిన జ్వాలాపురం భారతదేశంలో ఉంది. 2025 నాటికి మన దేశంలో అలాంటి జియోపార్కు ఒక్కటీ లేదు.

గుహల దారి

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ 1884-85లో ఇక్కడ తవ్వితే అంతరించిన జంతువుల ఎముకలు దొరికాయి. మన దేశంలో గుహల తవ్వకాల చరిత్ర దాదాపు ఇక్కడ మొదలవుతుంది. అదే ఫూట్ 1884లో బెలుం గుహల గురించి కూడా రాశాడు. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి కొలిచింది. కొలతలు తెలిశాక ప్రభుత్వం కదిలింది, 2002లో జనాన్ని లోపలికి రానిచ్చారు. 3,229 మీటర్ల పొడవు. ఇప్పుడు బెలుంకు టికెట్టు, దీపాలు, గాలి గొట్టాలు ఉన్నాయి. బిల్లసర్గం గుహలున్నది నాపరాయి గనుల సీమలో. గని లీజు ఇచ్చేముందు గుహల పటం చూడాలన్నది చాలా చిన్న కోరిక.

రైల్వేకోడూరు దగ్గర మంగంపేట ముగ్గురాయి గని పేరు వినే ఉంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకాల్లో చేర్చిందని మీకు తెలుసా? అగ్నిపర్వతాల పనితో పొరలు పొరలుగా ఏర్పడిన ముగ్గురాయి నిక్షేపం అది. ఈ బిరుదు వెనుక 1958 చట్టం లాంటిది లేదు. భూగర్భ వారసత్వం కోసం కేంద్రం 2022లో ఒక బిల్లు ముసాయిదా తయారుచేసింది.

నీట మునిగిన గుళ్లు, లేచొచ్చిన గుళ్లు

ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి ఎత్తైన చోట మళ్లీ నిలబెట్టారని, 1968లో ఆ పని పూర్తయిందని చాలామందికి తెలుసు. అలాంటి పని కర్నూలులో కూడా జరిగిందని తెలిసినవాళ్లు తక్కువ. శ్రీశైలం జలాశయం ముంపులోకి వచ్చిన గుళ్లను రాయికి రాయి నంబరు వేసి విప్పారు. కూడలి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద మరో సంగమేశ్వరుడు నిలిచాడు. కృష్ణలో నదులు కలిసేచోట ఉన్న పాత సంగమేశ్వరం మాత్రం ఏటా నీళ్లలో మునిగి, ఎండాకాలం జలాశయం తగ్గాక బయటపడుతుంది. పూజారి అప్పుడు పడవలో పోయి పూజ చేస్తాడు, నీళ్లు పూర్తిగా తీశాక జనం నడిచి పోతారు.

ఆ తరలింపు మంచి పనే. కానీ గుడి కదిలినా దాని చుట్టూ ఉన్న ఊరు, కోనేరు, సంత, దారి కదలవు. కడప జిల్లా దానవులపాడులో పెన్న ఒడ్డున ఇసుకలో కప్పబడిన జైన ఆలయాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వి తీశారు. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడి పేరున్న శాసనపీఠం అక్కడిది. అక్కడి శిల్పాలు మద్రాసు మ్యూజియానికి పోయాయి. వాటిని చూడాలంటే జమ్మలమడుగు పిల్లలు చెన్నై పోవాలి. ప్రతిపాదన ఆలస్యమైనచోట జరిగేది ఇదే, ముఖ్యమైన వస్తువు ముందుగా ఊరు దాటుతుంది.

ఎర్రగుంట్ల మండలం కలమళ్ల శాసనం సంగతీ చెప్పుకోవాలి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలపు రాత అది, 575 ప్రాంతానిది. తెలుగులోనే రాసిన శాసనాల్లో తొలిదని పండితులు చెప్పేది దీన్నే. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు తెలుగువాళ్లందరూ పండగ చేసుకున్నారు. ఆ హోదా కోసం చూపిన ఆధారాల్లో కలమళ్ల రాయి ఉంది. తెలుగు భాష చదువుకునే ప్రతి పిల్లవాడూ ఒకసారి ఆ ఊరికి పోయి రావాలి.

పది రూపాయల నిధి

సీమలో పాత గుడికి అన్నిటికంటే పెద్ద గండం గుప్తనిధుల వేట. అమావాస్య రాత్రుల్లో గర్భగుడి తవ్వడం, నంది కడుపు పగలగొట్టడం, వీరగల్లు కింద గుంట తీయడం. ఏటా పత్రికల్లో ఈ వార్తలు వస్తూనే ఉంటాయి. నిధి దొరికితే ఏం చేయాలో చెప్పే చట్టం 1878 నాటిది. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని అందులో ఉంది. ఆ పది రూపాయలు 1878 నాటివి.

నిజమైన నిధి ఎలా ఉంటుందో శ్రీశైలం ఘంటామఠం చూపించింది. 2020-21లో అక్కడ మరమ్మతులు చేస్తుంటే రాగి రేకులు, బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి. దేవస్థానం వాటిని దాచుకోకుండా అధికారులకు చూపింది. రాగి రేకులను శాసన నిపుణులు చదివారు. నాణేల కంటే ఆ రేకుల మీది అక్షరాలే ఎక్కువ విలువ చేస్తాయి. కరిగిస్తే అవి వట్టి రాగి.

డబ్బు వేరు, రక్షణ వేరు

గండికోటలో పెన్న చీల్చిన లోయ చూడటానికి ఇప్పుడు దేశం నలుమూలల నుంచి వస్తున్నారు. 2024లో కేంద్రం పర్యాటక అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషమే. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే వచ్చిన ఆ కోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, అన్నీ ఒకే గోడ లోపల ఉన్నాయి. అయితే పర్యాటకుల కోసం వేసే గుడారాలు, దారులు, దీపాలు వేరు, గోడ రాళ్ల మధ్య మొలిచిన రావిమొక్క పీకే మనిషి వేరు. ఆ రెండో మనిషి జీతం ఎవరి బడ్జెట్లో ఉందో ముందుగా అడగాలి.

ఏం రాయాలి, ఎవరికి రాయాలి

ప్రతిపాదన అనగానే పెద్ద గ్రంథం అనుకోవద్దు. ఊరు, మండలం, సర్వే నంబరు. భూమి ఎవరిది: దేవాదాయ శాఖదా, పంచాయతీదా, పట్టాదా. పొడవు, వెడల్పు, ఎత్తు, పక్కన మనిషిని నిలబెట్టి తీసిన ఫొటోలు. రాతలుంటే దగ్గరగా తీసిన ఫొటో. సున్నం గీకవద్దు, అక్షరాల్లో సుద్ద పూయవద్దు, కొబ్బరి పీచుతో రుద్దవద్దు. ఊళ్లో పెద్దలు చెప్పుకునే కథ. ఇప్పుడున్న ప్రమాదం: గని, రోడ్డు, తవ్వకం, వాన. చివర గ్రామసభ తీర్మానం నకలు. దీన్ని విజయవాడలోని రాష్ట్ర పురావస్తు, ప్రదర్శనశాలల శాఖకు, కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖ అమరావతి సర్కిల్‌కు, నకలు జిల్లా కలెక్టరుకు పంపాలి.

ఆధారాలు లేవని బెంగ వద్దు. కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు రెండువందల ఏళ్ల కిందటే కడప పల్లెల్లో కరణాల దగ్గర కూర్చుని ఊరి చరిత్రలు రాయించుకున్నారు. ఆ కైఫియత్తులను కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. మీ ఊరి గుడి ఎవరు కట్టించారో, చెరువు ఎవరు తవ్వించారో అందులో ఉండే అవకాశం చాలా ఉంది.

ఆ కేంద్రం కథే ఒక పాఠం. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. తర్వాత బంగళా శిథిలమైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు విరాళాలు పోగుచేసి, ఆ స్థలంలోనే గ్రంథాలయం కట్టించేదాకా నిద్రపోలేదు. ఏ గెజెట్ ప్రకటనా రాకముందే ఒక బడిపంతులు పట్టుదల ఆ స్థలాన్ని నిలబెట్టింది. ఈరోజు అక్కడ వేల పుస్తకాలున్నాయి.

తెలంగాణ నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో పొలాల మధ్య ఉన్న నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. రైతులు దున్నుకుంటూ పక్కకు తప్పించి పోయిన రాళ్లవి. పరిశోధకులు ఏళ్ల తరబడి అక్కడికి పోయి కొలిచి, రాసి, అధికారులకు చెప్పి, మళ్లీ పోయారు. తాత్కాలిక జాబితాలో కనీసం ఏడాది ఉన్న తర్వాతే అసలు ప్రతిపాదన పంపాలని నిబంధన. అంత ఓపిక కావాలి.

మీ ఊరి బయట కత్తి, డాలు పట్టిన వీరుడి బొమ్మ చెక్కిన రాయి ఒకటి ఉండే ఉంటుంది. ఆడవాళ్లు పసుపు పూస్తుంటారు, లేదా బట్టలు ఉతుక్కుంటుంటారు. దాని ఫొటో తీయండి, వెనకవైపు కూడా చూడండి, అక్షరాలుంటే అవీ తీయండి. సర్వే నంబరు కనుక్కుని, ఒక పేజీ రాసి, ఊళ్లో పదిమంది సంతకాలు పెట్టించి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త చేసుకోండి. మూడు నెలలకు జవాబు రాకపోతే అదే ఉత్తరం మళ్లీ పంపండి.